బలిపీఠం మీద వధ జరగదు: యెరూషలేము ఆలయంలో దహనబలిపీఠం పనిచేసిన తీరు

బలిపీఠం అనగానే చాలామందికి ఒకే బొమ్మ కళ్లముందు మెదులుతుంది. రాతి గట్టు, దాని మీద కాళ్లు కట్టేసిన గొర్రె, పైన కత్తి ఎత్తిన యాజకుడు. అబ్రాహాము ఇస్సాకును కట్టెల మీద పడుకోబెట్టిన ఘట్టం నుంచి వచ్చిన బొమ్మ అది. యెరూషలేము ఆలయ పద్ధతి వేరు. అక్కడ వధ నేల మీద, పీఠానికి పక్కన జరిగేది. దహనబలికీ పాపపరిహారార్థబలికీ అయితే ఉత్తరం వైపే జరగాలి. పీఠం పైకి చేరేది ప్రాణమున్న పశువు కాదు. చర్మం ఒలిచి, కోసి, కడిగి, ఉప్పు పట్టించిన ముక్కలు.

ఇంకో సంగతి కూడా చాలామంది గమనించరు. లేవీయకాండం మొదటి అధ్యాయం ప్రకారం పశువును వధించేది దాన్ని తెచ్చిన మనిషే. యాజకుడి పని ఆ తరువాత, రక్తాన్ని గిన్నెలో పట్టడంతో మొదలవుతుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసంహిత మిష్నా కూడా ఇదే అంటుంది: యాజకుడు కానివాడు వధించినా చెల్లుతుంది, రక్తం పట్టడం నుంచి మాత్రం యాజకుడే చేయాలి.

అంటే బలిపీఠం వధ్యశిల కాదు. మూడింటిని మూడు దారుల్లో పంపే కట్టడం అది. కొవ్వు, మాంసం, పిండి మంటలో పడి పొగగా పైకి పోవాలి. రక్తం పీఠం గోడలకు తగిలి కిందికి దిగాలి. బూడిద బయటికి పోవాలి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం రాకుండా చూడడమే దాని నిర్మాణం అంతా. ఈ సూత్రం పట్టుకుంటే, లేవీయకాండంలో చదివి చదివి విసుగొచ్చే నియమాలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

మట్టి పీఠమా, కంచు పెట్టెనా?

మొదటి చిక్కు నిర్గమకాండంలోనే ఉంది. పది ఆజ్ఞల వెంటనే, 20వ అధ్యాయం చివర, పీఠాన్ని మట్టితో కట్టమని ఉంది. రాళ్లతో కడితే చెక్కిన రాళ్లు వాడకూడదు, పనిముట్టు తగిలితే అపవిత్రమవుతుంది. ఎక్కడానికి మెట్లు ఉండకూడదు, ఎక్కేవాడి మానం కనబడుతుంది కాబట్టి. ఏడు అధ్యాయాలు దాటాక, 27లో, ఎడారి ప్రయాణంలో మోసుకెళ్లే ఆరాధనా గుడారం కోసం చేయమన్న పీఠం వేరేలా ఉంది: తుమ్మకర్రతో 5 మూరల పొడవు, 5 మూరల వెడల్పు, 3 మూరల ఎత్తు గల పెట్టె, నాలుగు మూలలా కొమ్ములు, మొత్తానికీ లోహపు రేకు తాపడం. మూరను సుమారు 45 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో వైపు రెండుంబావు మీటర్లు, ఎత్తు మనిషి ఛాతీ దాకా.

కర్రతో చేసిన పొయ్యి కాలిపోదా అన్నది న్యాయమైన ప్రశ్నే. కట్టెల మంట నడిబొడ్డులో వేడి 600 డిగ్రీలు దాటుతుంది. కర్ర 300 డిగ్రీల లోపే మాడడం మొదలవుతుంది. పైన రేకు ఉన్నా లాభం లేదు. లోహం వేడిని ఆపదు, లోపలికి పంపిస్తుంది. రేయింబవళ్లు ఆరకుండా మండాల్సిన మంట కింద అలాంటి పెట్టె కొద్ది రోజులు కూడా నిలవదు.

జవాబు అదే అధ్యాయం ఎనిమిదో వచనంలో ఉంది. పీఠాన్ని పలకలతో గుల్లగా చేయాలి. దిగిన ప్రతిచోటా ఆ గుల్లను మట్టితోనో రాళ్లతోనో నింపి, మంటను ఆ మట్టి మీద వేస్తారు. పెట్టె ఆ మట్టికి చుట్టూ నిలబడే చట్రం. ఇలా చూస్తే 20వ అధ్యాయపు మట్టి పీఠానికీ 27వ అధ్యాయపు పెట్టెకూ తగాదా లేదు. ప్రాచీన యూదా వ్యాఖ్యాతలు చెప్పిన పరిష్కారం ఇదే, నాకూ ఇదే సబబనిపిస్తుంది. ప్రయాణంలో కూడా ఇది పొసగుతుంది. సంఖ్యాకాండం 4వ అధ్యాయంలో బయలుదేరే ముందు బూడిద తీసి, ఊదారంగు బట్ట పరచి, పారలూ గిన్నెలూ పైన పెట్టి, తోలు కప్పి, మోతకర్రలు దూర్చమని ఉంది. లోపల టన్నుల కొద్దీ మట్టి ఉంటే భుజాల మీద మోయడం కుదిరే పని కాదు.

అదే 27వ అధ్యాయం పీఠానికి చేయమన్న జల్లెడలాంటి కంచు వల గురించి కూడా ఒక మాట. చాలా బొమ్మల్లో దాన్ని పీఠం లోపల, మంట కింద, కబాబులు కాల్చే జాలీలా గీస్తారు. కానీ మోతకర్రలు దూర్చే నాలుగు ఉంగరాలూ ఆ వల మూలలకే ఉన్నాయని వచనం చెబుతుంది. లోపల ఉన్న జాలీకి ఉంగరాలు పెడితే కర్రలు ఎలా దూరుతాయి? పైగా లోపలంతా మట్టి. కాబట్టి అది చుట్టుగట్టు కింద, సగం ఎత్తు వరకు, బయటి వైపు అమర్చిన వల అనుకోవడమే మేలు.

అంతస్తులు, కొలతలు

సొలొమోను పీఠం గురించి తెలిసేది తక్కువే. రెండవ దినవృత్తాంతాలు 20 మూరల చదరం, 10 మూరల ఎత్తు అంటుంది. ఒకటవ రాజులు 8వ అధ్యాయం ప్రకారం ఆలయ ప్రతిష్ఠనాడు అర్పణలు ఎక్కువై అది చాలకపోతే, ముంగిలి నడుమ ప్రదేశాన్నే ప్రతిష్ఠించి అక్కడ దహనబలులు కాల్చారు. యెహెజ్కేలు దర్శనంలోని పీఠానికి తూర్పు ముఖంగా మెట్లున్నాయి; అది కట్టిన పీఠం కాదు.

వివరంగా తెలిసేది రెండో ఆలయపు చివరి దశలోని పీఠం. మిష్నాలోని మిద్దోత్ భాగం దాన్ని కింది నుంచి పైకి కొలుస్తుంది. అడుగున 32 మూరల చదరం. ఒక మూర లేచి, ఒక మూర లోపలికి తగ్గుతుంది. ఆ అంచు పేరు యెసోద్, అంటే పునాది గట్టు. అక్కడి నుంచి 30 మూరల చదరం 5 మూరలు పైకి లేచి, మళ్లీ ఒక మూర లోపలికి తగ్గుతుంది. అది సోవేవ్, యాజకుడు చుట్టూ నడిచే నడవ. ఆపైన 28 మూరల చదరం. నాలుగు మూలలా మూరెడు కొమ్ములు పోను 26, యాజకుల కాళ్లకు మూరెడు దారి వదిలితే 24. ఆ 24 మూరల చదరమే మంట స్థలం. కొమ్ములతో కలిపి మొత్తం ఎత్తు 10 మూరలని సంప్రదాయపు లెక్క. ఇప్పటి కొలతల్లో పీఠం ఒక్కో వైపు 14 మీటర్ల పైమాట, ఎత్తు నాలుగున్నర మీటర్లు. మందిరపు ముందరి మండపానికీ దీనికీ మధ్య 22 మూరల ఖాళీ. దేవాలయానికీ బలిపీఠానికీ మధ్య జెకర్యా హతమయ్యాడని మత్తయి 23వ అధ్యాయంలో చదివేటప్పుడు ఆ స్థలం ఎక్కడిదో ఊహించుకోవచ్చు.

ఎక్కడానికి దక్షిణాన వాలుదారి, 32 మూరల పొడవు, 16 మూరల వెడల్పు. లెక్క వేస్తే వాలు సుమారు 15, 16 డిగ్రీలు. వట్టి కాళ్లతో, కొవ్వు కారే ముక్కలు పట్టుకుని ఎక్కేవాడికి అది చిన్న వాలేమీ కాదు. అందుకే జారకుండా దారి మీద ఉప్పు చల్లేవారు.

పీఠం నడిమి ఎత్తులో చుట్టూ ఒక ఎర్ర గీత ఉండేది. గీతకు పైన పడాల్సిన రక్తం వేరు, కింద పడాల్సిన రక్తం వేరు. అది చూసుకోవడానికే ఆ గీత. యెసోద్ విషయంలో ఒక వింత ఉంది. అది ఉత్తర, పశ్చిమ దిక్కుల్లో పూర్తిగా ఉంటుంది. దక్షిణానికీ తూర్పుకీ ఒక్కో మూర మాత్రమే తిరుగుతుంది. కాబట్టి ఆగ్నేయ మూలకు పునాది గట్టే లేదు. బెన్యామీను, యూదా గోత్రాల సరిహద్దు అక్కడ పోవడమే కారణమని, మిష్నా మీద తరువాత కూర్చిన పెద్ద వ్యాఖ్యానం తాల్మూదు చెబుతుంది. కారణం ఏదైనా, రక్తం చల్లే పద్ధతినంతా ఈ లోటే నడిపించింది.

రక్తం ఏ మూలకు పోతుంది?

దహనబలి, అపరాధపరిహారార్థబలి, సమాధానబలి మూడింటిలోనూ రక్తాన్ని పీఠం చుట్టూ ప్రోక్షించాలని లేవీయకాండం అంటుంది. చుట్టూ అంటే నాలుగు గోడలకూ తగలాలి. యాజకుడు నాలుగుచోట్ల చల్లేవాడు కాదు. ఈశాన్య మూలన ఒకసారి, నైరుతి మూలన ఒకసారి, గిన్నె నుంచి విసురుగా కొట్టేవాడు. మూలకు తగిలిన రక్తం రెండు గోడలకూ చిందుతుంది, కాబట్టి రెండు విసుర్లతో నాలుగు గోడలు తడుస్తాయి. మిష్నా దీన్ని ‘రెండు, అవే నాలుగు’ అంటుంది. ఈశాన్యం, నైరుతి ఎందుకంటే, రక్తం గట్టు ఉన్న చోట పడాలి, ఆగ్నేయంలో గట్టు లేదు. ఎదురెదురు మూలలు కావాలంటే మిగిలిన జోడీ ఇదొక్కటే. ఇదంతా ఎర్ర గీతకు కింద.

సామాన్యుడి పాపపరిహారార్థబలిలో రక్తం పోయేది పైకి, కొమ్ములకు. యాజకుడు వాలుదారి ఎక్కి, నడవ మీద కుడివైపు తిరిగి, ఆగ్నేయం, ఈశాన్యం, వాయవ్యం, నైరుతి వరుసలో ఒక్కో కొమ్ముకూ వేలితో రాసేవాడు. మిగిలింది దక్షిణపు గట్టు మీద పోసేవాడు. ప్రధానయాజకుడి కోసం, సమాజమంతటి కోసం చేసే పాపపరిహారార్థబలి ఇంకా వేరు. దాని రక్తం మందిరం లోపలికి, బంగారు ధూపవేదిక కొమ్ములకు వెళుతుంది. ఆ కోడె కొవ్వు మాత్రమే బయటి పీఠం మీద కాలుతుంది. చర్మం, మాంసం, పేడతో సహా మిగతాదంతా శిబిరం వెలుపల కాల్చేయాలి. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం ‘శిబిరము వెలుపట’ అంటూ ఎత్తుకునే పోలిక ఈ నియమం మీదే నిలిచి ఉంది.

పక్షుల దగ్గర లెక్క తలకిందులవుతుంది. పశువుల్లో దహనబలి రక్తం కింద, పాపబలి రక్తం పైన. పక్షుల్లో దహనబలిది పైన, పాపబలిది కింద. దహనబలి పావురానికి కత్తి ఉండదు. యాజకుడు నడవ మీద ఆగ్నేయ మూలకు వెళ్లి గోటితో మెడ నులిమి, రక్తాన్ని గోడకు పిండుతాడు. ఆ మూల ఎందుకంటే, దాని మేత సంచిని తూర్పున ఉన్న బూడిద చోట పారేయాలి, అది అక్కడికి దగ్గర.

పైన పడాల్సింది కింద పడినా, కింద పడాల్సింది పైన పడినా, రక్తం వాలుదారి మీద పడినా అర్పణ చెల్లదు. అందుకే రక్తాన్ని పట్టేవారికి తొందర ఎక్కువ, జాగ్రత్త ఇంకా ఎక్కువ. పస్కానాడు వాడే గిన్నెలకు చదునైన అడుగు ఉండేది కాదు. ఎవరైనా కింద పెడితే రక్తం గడ్డకట్టి చల్లడానికి పనికిరాకుండా పోతుందని అలా చేయించారు. ప్రాయశ్చిత్త దినాన ప్రధానయాజకుడు ధూపంతో లోపలికి వెళ్లినంతసేపు ఇంకొకరు గిన్నెలోని రక్తాన్ని కలుపుతూనే ఉండేవారు.

గోడ దిగిన రక్తం ఏమయ్యేది? నైరుతి మూలన, సన్నని ముక్కు రంధ్రాల్లాంటి రెండు తూములుండేవి. పడమటి గట్టు మీద పోసింది ఒకదానిలోకి, దక్షిణపు గట్టు మీద పోసింది మరొకదానిలోకి వెళ్లి, కాలువలో కలిసి కిద్రోను వాగులోకి పోయేది. అక్కడ తోటమాలులు దాన్ని ఎరువుగా కొనుక్కునేవారు. డబ్బు కట్టకుండా వాడుకుంటే దేవుని సొత్తు కాజేసిన తప్పు అవుతుంది. అదే మూల దగ్గర నేల మీద మూర చదరపు పాలరాతి పలక, దానికి ఉంగరం. పలక ఎత్తి, కింది గోతిలోకి దిగి శుభ్రం చేసేవారు. ఇన్ని పశువుల రక్తం పారే కట్టడంలో కాలువ పూడితే మొత్తం పని ఆగిపోతుంది. దాన్ని ముందే ఆలోచించి నేలలో దారి పెట్టిన పనితనం ఇది.

తెల్లవారకముందే

అనుదిన దహనబలి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, పీఠం మీది మిగతా అర్పణలన్నిటికీ చట్రం లాంటిది. ఉదయపుదే మొదటిది, సాయంత్రపుదే చివరిది. ఒక్కో గొర్రెపిల్లతో ఏఫాలో పదోవంతు మెత్తని గోధుమపిండి, అంటే సుమారు 2 లీటర్లు, హిన్‌లో పావు వంతు నూనె, అంతే ద్రాక్షారసం; ఆ పావు ఒక లీటరుకు కొంచెం తక్కువ.

పని బూడిదతో మొదలవుతుంది. లేవీయకాండం 6వ అధ్యాయం యాజకుడు నారబట్టలు కట్టుకుని బూడిద ఎత్తాలి అంటుంది. ఈ పని ఎవరిదన్న దాని మీద ఒకప్పుడు యాజకులు పందెం పెట్టుకునేవారు. వాలుదారి మీద పరుగెత్తి, పైనుంచి నాలుగు మూరల దూరంలోకి ఎవరు ముందు చేరితే వారిది. ఒకసారి ఇద్దరు సమానంగా పరుగెడుతుంటే ఒకడు రెండోవాణ్ణి తోశాడు, వాడి కాలు విరిగింది. అది చూసి న్యాయసభ పందెం మాన్పించి చీట్ల పద్ధతి పెట్టింది. మిష్నా ఈ సంగతిని దాచకుండా రాసుకోవడం నాకు గౌరవం కలిగించే విషయం.

చీటీ పడినవాడు గంగాళం దగ్గర చేతులూ కాళ్లూ కడుక్కుంటాడు. ఆ వేళ దీపం చేతబట్టడు. మంట వెలుగులోనే నడుస్తాడు. గంగాళాన్ని పైకెత్తే కొయ్య యంత్రం చప్పుడు విని, కడుక్కోవడం మొదలైందని మిగతావారికి తెలుస్తుంది. వెండి పారతో పైకెక్కి, నిప్పులను అటూ ఇటూ తోసి, లోపల బాగా కాలిన దాన్ని ఒక పారెడు తీసుకుని దిగి, వాలుదారికి తూర్పున, దారి అంచు నుంచి మూడు బెత్తల దూరంలో నేల మీద పోస్తాడు. ఇది ఆచారపు భాగం. ఆపైన మిగతా యాజకులు పారలతో, పంగల కర్రలతో ఎక్కి, కాలకుండా మిగిలిన ముక్కలను పక్కకు లాగి, బూడిదను నడుమ కుప్ప పోస్తారు. పండుగ రోజుల్లో ఆ కుప్పను తీసేవారు కాదు. అది పీఠానికి అలంకారమట.

తరువాత కట్టెలు. ఒలీవ, ద్రాక్ష తప్ప ఏ కట్టెయినా పనికొస్తుంది, అంజూరపు కొమ్మలు ఎక్కువ వాడేవారు. ఆ రెండూ ఎందుకు వద్దన్న దానికి తాల్మూదులో రెండు జవాబులున్నాయి: కణుపులు ఎక్కువ కాబట్టి సరిగా కాలవని ఒకరు, దేశానికి తిండి పెట్టే చెట్లను నరకకూడదని ఇంకొకరు. పురుగు పట్టిన కట్టె పనికిరాదు. శరీరంలో లోపం ఉండి సేవకు తగని యాజకులు కట్టెల గదిలో కూర్చుని ఒక్కో కట్టెనూ ఏరేవారు. పెద్ద పేర్పు తూర్పు వైపు ఉండేలా, కట్టెల మధ్య గాలి ఆడే సందులు వదిలి పేరుస్తారు. సందుల్లో చితుకులు పెట్టి అంటిస్తారు. ధూపానికి నిప్పులు తీయడానికి నైరుతి మూలకు నాలుగు మూరల దూరంలో ఇంకో చిన్న పేర్పు, మంచి అంజూరపు కట్టెతో.

గొర్రెపిల్లను ముందురాత్రే పరీక్షించినా, వధకు ముందు దివిటీల వెలుగులో మళ్లీ చూస్తారు. పీఠానికి ఉత్తరాన నేలలో ఉంగరాలు, పక్కన పాలరాతి బల్లలు, ఇనుప కొక్కేలున్న పొట్టి స్తంభాలు. ఉదయం వాయవ్యంలో, సాయంత్రం ఈశాన్యంలో వధిస్తారు. సూర్యుడికి ఎదురుగా ఉండాలని అలా. కొక్కేనికి వేలాడదీసి ఒలిచి, ముక్కలు చేసి, పేగులను కనీసం మూడుసార్లు కడుగుతారు. తల, తొడలు, ముంజేతులు, తోక, రొమ్ము, మెడ, పక్కలు, పేగులు. తరువాత పిండి, ప్రధానయాజకుడి రొట్టెలు, ద్రాక్షారసం. ఒక్క చిన్న గొర్రెపిల్ల అర్పణను మోయడానికి తొమ్మిదిమంది వరుసగా నడిచేవారు. ముక్కలను వాలుదారి కింది సగంలో, పడమటి వైపు పెట్టి, ఉప్పు పట్టించి, ప్రార్థనకు వెళ్లి వచ్చాకే పైకి తీసుకెళతారు.

ద్రాక్షారసం పోసేవాడు మాత్రం కుడివైపు చుట్టూ తిరగడు. వాలుదారి ఎక్కగానే ఎడమకు తిరిగి, నైరుతిలో పోసి, వచ్చిన దారినే వెనక్కి వస్తాడు. చుట్టూ తిరిగితే రసానికి పొగ పట్టి చెడుతుంది. పర్ణశాలల పండుగలో అక్కడే రెండు వెండి గిన్నెలు, ఒకటి నీళ్లకు, ఒకటి ద్రాక్షారసానికి. రసం చిక్కన కాబట్టి దాని రంధ్రం పెద్దది, నీళ్లది చిన్నది. రెండూ ఒకేసారి ఖాళీ కావాలి.

ఇంత మాంసం తిని, రోజంతా రాతి నేల మీద వట్టి కాళ్లతో తిరిగే యాజకులకు కడుపు జబ్బులు సహజం. ఆలయ అధికారుల జాబితాలో అందుకోసమే బెన్ అహీయా అనే వైద్యుడి పేరు ఉంది.

పీఠం ఎప్పుడు చెడుతుంది?

యూదా ధర్మశాస్త్రం ప్రకారం నాలుగు లేకుంటే పీఠం పీఠమే కాదు: కొమ్ములు, వాలుదారి, పునాది గట్టు, చదరపు ఆకారం. పొడవు, వెడల్పు, ఎత్తు మారినా ఫరవాలేదు. అందుకే సొలొమోను కొలతకూ తరువాతి కొలతకూ పొంతన లేకపోయినా ఎవరూ తప్పు పట్టలేదు. కొమ్ము విరిగితే మాత్రం పని ఆగుతుంది. పర్ణశాలల పండుగలో ఒక యాజకుడు నీళ్లను గిన్నెలో కాక తన కాళ్ల మీద పోసుకుంటే, జనం చేతుల్లో ఉన్న నిమ్మజాతి పండ్లతో కొట్టారు. ఆ రోజు పీఠం కొమ్ము పగిలిందనీ, ఉప్పుగడ్డతో పూడ్చారనీ తాల్మూదు చెబుతుంది. ఆ పూడ్పు నిజమైన మరమ్మతు కాదు, పీఠం గంటుపడినట్టు కనబడకుండా ఉండడానికి చేసింది.

రాళ్ల విషయంలో నియమం ఇంకా కఠినం. ఇనుము తగిలితే చాలు, రాయి చెడుతుంది; గంటు దేనివల్ల పడినా చెడుతుంది. అందుకని బేత్ కెరెమ్ లోయలో, ఎవరూ తవ్వని నేల తవ్వి, కింద నుంచి నున్నని ముడి రాళ్లు తీసేవారు. ఏటా రెండుసార్లు, పస్కాకూ పర్ణశాలల పండుగకూ సున్నం వేసేవారు, అదీ ఇనుప తాపీతో కాదు. మిష్నా చెప్పే కారణం సూటిగా ఉంది: ఇనుము మనిషి ఆయుష్షును తగ్గించడానికి పుట్టింది, పీఠం ఆయుష్షును పెంచడానికి, తగ్గించేదాన్ని పెంచేదాని మీద ఎత్తడం న్యాయం కాదు.

రాజులు చేసిన మార్పులు వేరే రకం. ఆహాజు దమస్కులో ఒక పీఠం చూసి, నమూనా పంపి, యాజకుడైన ఊరియాతో అలాంటిదే కట్టించాడు. పాత కంచు పీఠాన్ని ఉత్తరానికి జరిపించాడు. గ్రీకు రాజు అంతియొకస్ కాలంలో, క్రీ.పూ. 167లో, పీఠం మీదనే అన్యదేవత పీఠం పెట్టారు. క్రీ.పూ. 164లో యూదా మక్కబీ ఆలయాన్ని తిరిగి పట్టుకున్నాక ఆ రాళ్లను ఏం చేయాలన్నది పెద్ద సమస్య అయింది. అవి మైలపడ్డాయి, వాడలేరు. పవిత్రం కూడా, పారేయలేరు. ప్రవక్త ఎవరైనా వచ్చి చెప్పేదాకా అని కొండ మీద ఒకచోట పెట్టి, చెక్కని కొత్త రాళ్లతో ఇంకోటి కట్టారు.

కొమ్ములను పట్టుకుంటే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం కూడా అందరికీ ఒకేలా పనిచేయలేదు. సింహాసనం కోసం సొలొమోనుతో పోటీపడిన అదోనీయాను అప్పటికి వదిలేశారు. దావీదు సేనాధిపతి యోవాబును అక్కడే చంపారు. కావాలని హత్య చేసినవాణ్ణి పీఠం దగ్గరి నుంచైనా లాక్కుపోవచ్చని నిర్గమకాండం 21 ముందే చెప్పింది. ఇక పశువును పీఠపు కొమ్ములకు తాళ్లతో కట్టండని కీర్తన 118లో చదివి దాన్ని అక్షరాలా ఊహించుకునేవారుంటారు. తొమ్మిది మూరల పైన, మంట పక్కన ఉన్న కొమ్ములకు బతికున్న పశువును ఎవరూ కట్టరు. ఆ వచనపు హెబ్రీ మూలమే క్లిష్టమైనది.

ఆలయాన్ని ప్రత్యక్షంగా చూసిన మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్, పీఠం 50 మూరల చదరం, 15 మూరల ఎత్తు అంటాడు. మిష్నా 32, 10 అంటుంది. జోసీఫస్ యాజక వంశీకుడే, కానీ అతని అంకెలు గుండ్రంగా ఉంటాయి. మిష్నా తరువాతి కాలానిది, కానీ తూములు, గట్టు, గీత అన్నీ ఒకదానితో ఒకటి అతికేలా చెబుతుంది. కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి మిష్నానే నమ్మదగిందని నా అభిప్రాయం.

నేలలో దొరికినవి

యెరూషలేము పీఠం రాయి ఒక్కటీ చేతికి రాలేదు. క్రీ.శ. 70లో రోమీయుల ముట్టడిలో అనుదిన బలి ఆగింది, ఆ వేసవిలోనే ఆలయం కాలింది. కానీ యూదా రాజ్యపు దక్షిణ అంచున రెండు పీఠాలు దొరికాయి. పవిత్ర దేశయాత్రకు వెళ్లే తెలుగువారు ఎక్కువగా యెరూషలేము, బేత్లెహేము, గలిలయ చూసి తిరిగొస్తారు. వీలైతే ఈ రెండూ చూడదగ్గవి.

అరాదు కోటలో పురావస్తు శాస్త్రవేత్త యోహానాన్ అహరోనీ 1960లలో తవ్విన చిన్న ఆలయపు ముంగిట్లో చెక్కని రాళ్లూ మట్టీ కలిపి కట్టిన పీఠం ఉంది, ఒక్కో వైపు రెండు మీటర్ల పైచిలుకు, గుడారపు పీఠపు 5 మూరలకు దగ్గర. పైన చెకుముకి రాతి పలక, చుట్టూ కాలువ. నిర్గమకాండం 20 నియమానికి ఇది చాలా దగ్గరగా ఉంది. లోపలి గది గుమ్మంలో రెండు చిన్న ధూపవేదికలుండేవి. 2020లో ప్రచురించిన పరీక్షలో ఒకదాని మీద సాంబ్రాణి జాతి ధూపద్రవ్యం పశువుల కొవ్వుతో, రెండోదాని మీద గంజాయి పశువుల పేడతో కలిపి కాల్చిన మడ్డి బయటపడింది.

బెయేర్షెబాలో 1973లో దొరికింది దానికి పూర్తిగా భిన్నం. నున్నగా చెక్కిన పెద్ద రాళ్లు, ఒక గిడ్డంగి గోడలో మామూలు రాళ్లలా వాడేసి ఉన్నాయి. కొమ్ములున్న రాళ్లు నాలుగు. ఒకదాని కొమ్ము విరిగింది. ఒక రాయి మీద పాము గీత. పేర్చి చూస్తే ఎత్తు సుమారు 157 సెంటీమీటర్లు, అంటే పెద్ద మూర లెక్కన మూడు మూరలు. ఉన్నత స్థలాలనే ఊరూరి పూజాస్థలాలనూ వాటి బలిపీఠాలనూ యూదా రాజు హిజ్కియా తీసివేయించాడని చెప్పే రెండవ రాజులు 18వ అధ్యాయానికి ఇది సాక్ష్యమని తవ్వినవారు అన్నారు. పీఠం ఊళ్లో ఏ చోట నిలిచి ఉండేదన్న దాని మీద మరో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదీన్ వారితో విభేదించాడు. అసలు రాళ్లు యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియంలో ఉన్నాయి, తవ్వకం చోట ఉన్నది నకలు. చూసేటప్పుడు పైనున్న కొమ్ములతో సరిపెట్టుకోకుండా గోడ రాళ్ల అంచులు గమనించండి. చెక్కకూడదన్న ఆజ్ఞ ఉన్న దేశంలోనే అంత నునుపుగా చెక్కారు. అరాదుకూ దానికీ మధ్య దూరం ఒక్కరోజు నడక, రెండు రోజులు పట్టినా పట్టవచ్చు.